ఎడమ పక్క సీటు

నెహ్రూ నగర్, భిలాయి
జూలై 9

భాగ్యా,

నువ్వు పాడేరు వెళ్ళి నెల దాటింది. ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు పరిధిలో లేవని చెప్పే అమ్మాయి గొంతే వినిపిస్తోంది. సిగ్నల్ కోసం మీ స్కూలు వాటర్ ట్యాంకు మెట్లెక్కాలట కదా, మీ అమ్మ, తులసమ్మ పిన్ని చెప్పింది. నీకా అవస్థ ఎందుకని నేనే కాగితం తీశాను. తెలుగు రాసి ఎన్నాళ్ళయిందో! తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దకు, హిందీ టీచరమ్మా.

అసలు సంగతి చెబుతాను. డిసెంబరు అడవి కార్ల ర్యాలీకి పేర్లు తీసుకుంటున్నారు. మూడేళ్ళుగా నేను స్టీరింగ్ దగ్గర, నువ్వు పక్కన దారి చెబుతూ. నిరుడు మూడో స్థానం వచ్చినప్పుడు కప్పు ఎవరింట్లో ఉండాలని కుమ్హారి దాకా పోట్లాడుకుంటూ వచ్చాం. ఇప్పుడు ఆ సీట్లో ఎవరు? ఉమేష్‌ని కూర్చోబెట్టుకుందామంటే, మొగుడూ పెళ్ళాలు ఒకే జిప్సీ కారులో అడవికి వెళ్తే తిరిగి వచ్చేది ఒకరే.

దుర్గ్ స్టేషన్లో రైలు కదిలేటప్పుడు నువ్వే అన్నావు: "మా చాందినిని కూర్చోబెట్టుకోవే, ఖాళీగానే ఉన్నాది కదా." అడిగాను. ఎగిరి గంతేసింది నీ చెల్లెలు. మొన్న ఆదివారం భిలాయి-3లో మీ ఇంటికెళ్ళి ఎక్కించుకున్నాను. ఏ మలుపు ఎంత దూరంలో, ఏ వేగంతో పోవాలి అన్నీ బొమ్మలతో ఉండే ఆ రోడ్‌బుక్ చూసి తడబడుతుందనుకున్నాను. లేదు. ఇందులో ఎక్కువ వేగంగా పోయినవాళ్ళు గెలవరు, చెప్పిన సమయానికి చేరినవాళ్ళు గెలుస్తారు, ముందొచ్చినా వెనకొచ్చినా పాయింట్లు పోతాయి అని చెప్పగానే, "అంటే కంగారు పడకూడదు, నిద్రపోకూడదు. అంతే కదేటి దీదీ?" అంది.

ఉమేష్ అయితే "గొంతు అచ్చం భాగ్యదే" అన్నాడు. నీకు సంతోషమేనా?

నీ హేమ


పాడేరు
జూలై 28

హేమా,

సంతోషం కాక ఏమిటి? నేనే కదా చెప్పింది. రైలు కదిలేటప్పుడు మనుషులు ఏవేవో అంటారు. ఆరోగ్యం జాగ్రత్త అంటారు, మా ఇంటికి వెళ్తూ ఉండు అంటారు. ఎవరూ అంతగా పట్టించుకోరు. నువ్వు పట్టించుకున్నావు. మంచిదే.

ఇక్కడ వాన, మంచు, మళ్ళీ వాన. హాస్టల్ పిల్లలకి నా తెలుగు వింటే నవ్వు, నా హిందీ వింటే భయం. నా భిలాయి యాసని వెనక బెంచీలో ఒకమ్మాయి అనుకరిస్తుందట. నేనూ విన్నాను, బాగానే చేస్తోంది.

చాందిని సీటు ముందుకి జరిపిందా? దాని కాళ్ళు పొట్టి. నేను వీపు వెనక పెట్టుకునే నీలం దిండు అమ్మకి ఇచ్చెయ్యి, అక్కడ ఉంచకు. ఉమేష్‌కి చెప్పు, నా గొంతు బొంగురు, దానిది సన్నం. టైర్ల దుకాణంలో కూర్చుని చెవులు పోయినట్టున్నాయి.

అది నాకు ఒక్క ముక్క రాయలేదు. తెలుగు రాయడం రాదనుకో. హిందీలో రాస్తే నేను చదవలేనా?

భాగ్య


నెహ్రూ నగర్, భిలాయి
సెప్టెంబరు 15

భాగ్యా,

రెండో స్థానం! బాలోద్ వైపు ఒకరోజు ర్యాలీ పెట్టారు, అలవాటు కోసం వెళ్ళాం. అడవి దారంతా బురద. ఇప్పచెట్ల కింద ఒకచోట జారి అడ్డం తిరిగాం. చాందిని కాగితం మీంచి తలెత్తకుండా, "పర్వాలేదు దీదీ, టైం ఉన్నాది, మెల్లగా తిప్పు" అంది. నాకే సిగ్గేసింది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, నువ్వు రెండు మలుపులు ఒకే గుక్కలో చెప్పేసేదానివి. రెండోది నాకు గుర్తుండేది కాదు. నువ్వేమనుకుంటావో అని ఊరుకునేదాన్ని. ఇది ఒకటి చెప్పి ఆగుతుంది. నేను తిప్పాక రెండోది చెబుతుంది. అంత తేడా ఉంటుందని నాకే తెలీదు.

జిప్సీ తలుపు మీద నీ పేరు తీసి దాని పేరు రాయించాం. పక్కన కూర్చునేవాళ్ళ పేరు ఉండాలని నియమం కదా. నీ పేరు గీకుతుంటే రంగంతా లేచి వచ్చేసింది. తలుపు మొత్తానికి కొత్త రంగు వేయించాల్సి వచ్చింది.

దాని గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమైనా ఉంటే రాయి. నీకంటే ఎవరికి తెలుసు?

హేమ


పాడేరు
అక్టోబరు 6

హేమా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నాకు జ్వరం. అందుకే ఆలస్యం.

రెండో స్థానం వచ్చినందుకు సంతోషం. నేను ఒకే గుక్కలో చెప్పేదాన్నా? మూడేళ్ళు నా పక్కన కూర్చుని, ఒక్కసారి "ఆగవే" అంటే ఆగేదాన్ని కదా. సరే, ఇప్పుడెందుకు.

అడిగావు కనుక ఒకటి రాస్తున్నాను. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను, సొంత చెల్లెలి లోపం బయటపెట్టడం కదా. కానీ అడవిలో కారు నడిపేది నువ్వు. చాందినికి కుడి ఎడమలు తికమక. అన్నం తినే చెయ్యి ఇదీ అని కుడి మణికట్టుకి నల్లదారం కట్టేవాళ్ళం. నోటితో ఒకటి అంటుంది, చేత్తో ఇంకోటి చూపిస్తుంది. అలాంటప్పుడు చేతినే నమ్మాలి, నోటిని కాదు.

దాన్ని అడగకు. చిన్నబుచ్చుకుంటుంది. నువ్వే కనిపెట్టుకుని ఉండు. నీ మంచి కోరే చెబుతున్నాను.

తలుపుకి ఏం రంగు వేయించావు?

భాగ్య


నెహ్రూ నగర్, భిలాయి
నవంబరు 20

భాగ్యా,

నువ్వు రాయడం మంచిదైంది. ఇన్నాళ్ళూ అది చెప్పింది చెప్పినట్టు గుడ్డిగా తిప్పానే అని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఇప్పటిదాకా తప్పు చెప్పలేదనుకో. కానీ ఇప్పుడు ప్రతి మలుపులో ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను దాని చేతుల మీద.

మొన్న అది అడగనే అడిగింది. "ఏటి దీదీ, నేను చెప్పాక కూడా ఎందుకు ఆగుతున్నావ్? నా మీద నమ్మకం లేదేటి?"

నవ్వేసి, గేరు పట్టేసిందని చెప్పాను. ఉమేష్ సాయంత్రమంతా కూర్చుని, ఏ రోగమూ లేని గేరుబాక్సు విప్పాడు.

తలుపు నీలం.

హేమ


నెహ్రూ నగర్, భిలాయి
డిసెంబరు 19

భాగ్యా,

మీ స్కూలు ఆఫీసుకి పిన్ని ఫోన్ చేయించింది కనుక, చాందినికి మెడ కింద ఎముక విరిగిందని నీకు తెలుసు. ఎలా విరిగిందో నేను చెబుతాను.

దల్లీ రాజహరా దాటాక అడవిలోకి మట్టిదారి. మధ్యాహ్నం దాకా మాకు ఒక్క పాయింటు కూడా పోలేదు. ముందు వెళ్ళిన కార్ల దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. చాందిని చెప్పింది: "ముందు రెండు దారులు. లెఫ్ట్ తీసుకో." చెప్పి ఆగింది, ఎప్పటిలాగే.

అప్పుడే కారు గతుకులో ఎగిరింది. పడిపోకుండా అది కుడి చెయ్యి చాచి ముందున్న కడ్డీ పట్టుకుంది. నాకు కనిపించింది ఆ చెయ్యి. కుడి చెయ్యి. చేతినే నమ్మాలి, నోటిని కాదు. కుడికి తిప్పేశాను.

"లెఫ్ట్ దీదీ! లెఫ్ట్ అన్నాను కదా!" అని అరిచింది. ఆ అరుపు పూర్తయ్యేలోపు కల్వర్టు వచ్చింది. కల్వర్టు అంటే ఏముంది, వానలకి సగం కొట్టుకుపోయింది. అటు పోవద్దని రోడ్‌బుక్‌లో ఎర్రగా రాసి ఉందట. జిప్సీ ముక్కు వాగులోకి దిగబడింది. దెబ్బంతా ఎడమ పక్కకే తగిలింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

అది ఏడవలేదు. రాళ్ళ మీద కూర్చుని, భుజం పట్టుకుని, నన్నే చూస్తూ, "నేను సరిగ్గానే చెప్పాను కదా? నువ్వు విన్నావు కదా?" అని అడిగింది. విన్నానన్నాను. "మరి?" అంది. 

ఆస్పత్రి వరండాలో పిన్ని పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగాను, దానికి కుడి ఎడమల తికమక ఇంకా ఉందా అని. ఆమె నా మొహంలోకి వింతగా చూసింది.

"అదెప్పుడి మాటే తల్లీ! ఒకటో క్లాసులో ఉండేది. భాగ్యే దారం కట్టి, దాన్ని చెయ్యట్టుకుని వీధులన్నీ తిప్పి నేర్పింది. దసరాకల్లా దారం తీసీసాం. నీకెవరు చెప్పారే?"

నీ పేరు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆమె చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు అబద్ధం రాయలేదు. 'చిన్నప్పుడు' అనే ఒక్క మాట రాయలేదు, అంతే. నేర్పింది నువ్వేనన్న మాట కూడా రాయలేదు. ఎందుకు?

హేమ


పాడేరు
డిసెంబరు 27

హేమా,

ఎందుకో నీకు తెలుసు. తెలిసే అడుగుతున్నావు.

నువ్వు ఒక్కో ఉత్తరంలో దాన్ని పొగిడావు. నా గొంతు దానికి ఇచ్చేశావు. నా తప్పు మూడేళ్ళు కడుపులో దాచుకుని, దాని గొప్ప చెప్పడానికి బయటికి తీశావు. నా పేరు గీకితే రంగు లేచిపోయిందని కబురులాగా రాశావు. ఆ ఉత్తరం పట్టుకుని ట్యాంకు మెట్ల మీద కూర్చున్నాను. అది ఓడిపోవాలనిపించింది. దెబ్బ తగలాలని కాదు, దేవుడి సాక్షిగా కాదు. నువ్వు దాని మాట ఒక్కసారి నమ్మకపోతే చాలనిపించింది. దారి తప్పి, ఆలస్యమై, చివరికి వచ్చి, "భాగ్య ఉంటేనా" అని నువ్వు అనుకుంటే చాలనిపించింది.

అది నా చెల్లెలు. దానికి జడలు వేసింది నేను. ఇప్పుడు అది మంచం మీద ఉంది.

తప్పు నాదే. కాదనను. కానీ ఒకటి చెప్పు. ఆరు నెలలు నీ పక్కన కూర్చుని ఒక్క మలుపు తప్పు చెప్పని పిల్ల అది. చెవిలో దాని గొంతు వినిపిస్తుంటే, ఎక్కడో కొండ మీద నేను రాసిన కాగితం ఎందుకు నమ్మావు? ఉత్తరం నేను రాశాను. స్టీరింగ్ నువ్వు తిప్పావు.

సెలవు దొరికింది, వస్తున్నాను. స్టేషన్‌కి రాకు.

భాగ్య


పాడేరు
జనవరి 8

హేమా,

నిన్ను కలవకుండానే తిరిగి వచ్చేశాను. మీ ఇంటి వీధి మలుపు దాకా వచ్చాను కూడా. జిప్సీ కనిపించింది, నీలం తలుపు నొక్కుకుపోయి ఉంది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాను.

ఇంట్లో అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మాట్లాడలేదు. చాందినికి అంతా తెలుసు, అమ్మే చెప్పిందట. అది మాత్రం ఏమీ జరగనట్టు, "అక్కా, చెయ్యి లేవట్లేదు, జడ ఎయ్యవా?" అంది. వెనక కూర్చుని చిక్కు తీస్తుంటే, ఎదురుగా గోడకేసి చూస్తూ అంది:

"ఆ సీటు నీకే కావాలంటే అడగొచ్చు కదక్కా. ఇచ్చీసేదాన్ని."

"నేను పాడేరులో ఉండి సీటేటి చేసుకుంటానే?" అన్నాను.

"అదే మరి. నీకూ పనికిరాదు, నాకూ ఉండకూడదు."

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. చాందినే, "ఎయ్యి, సగం అయింది" అంది.

వచ్చేముందు అడిగాను, నా మీద కోపం పోయిందా అని. "నువ్వు కుళ్ళుకున్నావు, అది నాకు అర్థమయింది. చిన్నప్పట్నుంచి నా బొమ్మలకి కూడా కుళ్ళుకున్నావు. హేమ దీదీదే అర్థం కాలేదు. నా గొంతు విని కూడా..." అని ఆగిపోయింది.

భుజం బాగయ్యాక కారు నడపడం నేర్చుకుంటుందట. ఇంకెవరి పక్కనా కూర్చోదట.

భాగ్య


నెహ్రూ నగర్, భిలాయి
జూన్ 6

భాగ్యా,

సెలవులైపోయి నువ్వు మళ్ళీ పాడేరు కొండెక్కేశావు. కొత్తగా నడిపేవాళ్ళ కోసం మే చివర పెట్టిన ర్యాలీలో నువ్వూ చాందినీ కారులో ఉన్నారు. నేను బయట ఉన్నాను. అక్కణ్ణుంచి నీకు కనిపించనిది చెబుతాను.

చాందిని మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు గుమ్మం దాటి లోపలికి రాలేదు. "కారు ఇస్తావా దీదీ? అక్క సెలవులకి ఒచ్చింది, అక్క కూర్చుంటాది" అంది. నేనూ వస్తాను, పక్కనుంచి నేర్పుతాను అన్నాను. "ఉమేష్ భయ్యా నేర్పీసాడు. నువ్వు ఒద్దులే" అంది. మెత్తగానే అంది. తాళం ఇచ్చేశాను. ఉమేష్ దానికి రోజూ పొద్దున్నే నేర్పుతున్నాడని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ రోజు నేను బయల్దేరే చోట నిలబడ్డాను. నా కారు. నా సీట్లో అది. నువ్వు నడుం వంచి కూర్చుని కాగితాలు సర్దుకుంటూ దాని చెవిలో ఏదో చెప్పావు, అది నవ్వింది. మూడేళ్ళు ఆ నవ్వు నాది. జెండా ఊపారు. మీరు తునికి చెట్ల వెనక మలుపు తిరిగిపోయారు. ఉమేష్ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇస్తే చేదుగా ఉందన్నాను. పాపం, పంచదార రెండింతలు వేసి తెచ్చాడు.

మీరు ఆలస్యంగా రావాలని కోరుకున్నాను. నిజం. ఒక్కో కారు వస్తుంటే, ఇది వాళ్ళది కాకూడదు అని లెక్క చూసుకున్నాను. మీరు చివరి నుంచి రెండో వాళ్ళుగా, దారంతా పోట్లాడుకున్న మొహాలతో దిగారు. చాందిని, "ఇది ఒకే గుక్కలో అన్నీ చెప్పీస్తాది!" అని అందరి ముందూ అరిచింది. నాకు ఎంత సంతోషమేసిందో, ఎంత సిగ్గేసిందో! నువ్వు పాడేరు నుంచి అలాంటి ఉత్తరం ఎందుకు రాశావో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నాకు కోపమే ఉండేది.

చాందిని తాళం తెచ్చి ఇచ్చి, "బ్రేకు కొంచెం లాగుతున్నాది దీదీ, చూపించు" అంది. ఇకనుంచి అది నాతో బండి సంగతులే మాట్లాడుతుంది. అంతకంటే అడిగే మొహం నాకు లేదు.

మళ్ళీ డిసెంబరు వస్తుంది. నువ్వు వస్తావా, నా పక్కకి?

హేమ


పాడేరు
జూన్ 24

హేమా,

రాను.

సెలవు దొరకదని రాద్దామనుకున్నాను. డిసెంబరులో దొరుకుతుంది, హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగి కూడా చూశాను. అయినా రాను. ఇప్పుడు నేను ఎడమ అంటే నువ్వు ఒక్క క్షణం ఆలోచిస్తావు. ఇది నిజమేనా, ఇందులో ఇంకేమైనా ఉందా అని. ఆలోచించకుండా ఉండలేవు. నీ చెయ్యి గేరు మీద ఆగడం చూస్తూ నేను మలుపులు చదవలేను.

చాందిని ఉత్తరం రాసింది. హిందీలో. బ్రేకు గురించి నువ్వు ఉమేష్‌కి చెప్పావో లేదో కనుక్కోమంది.

భాగ్య


నెహ్రూ నగర్, భిలాయి
జూలై 3

భాగ్యా,

బ్రేకు బాగుచేయించాం. దానికి చెప్పు.

రెండు ఆదివారాలు ఉమేష్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. పేపర్లో వార్త చదివినట్టు చదువుతాడు. మలుపు దాటిపోయాక, "అరె, అదే మలుపు" అంటాడు. ఇంటికొచ్చే దాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నువ్వు రాసింది నిజమే. నువ్వు ఎడమ అంటే ఒక్క క్షణం ఆలోచిస్తాను. ఆలోచించనని మాట ఇవ్వను, ఇచ్చినా నువ్వు నమ్మవు. నువ్వు కూడా ప్రతిసారీ నా చేతుల కేసి చూస్తావు. అలా మలుపుకో క్షణం పోతే, చివరి చెక్ పాయింట్ దగ్గరికి చేరేసరికి మన తర్వాత బయల్దేరినవాళ్ళు టీలు తాగి కప్పులు కడిగేస్తుంటారు. పాయింట్లన్నీ పోతాయి.

పోనీ.

నేను ఆగినప్పుడల్లా నువ్వు మళ్ళీ చెప్పు. విసుక్కుంటూ చెప్పినా సరే. సెలవు పెట్టు.

హేమ